గింజలతోనే కడుపు నిండదు

1929లో ఉత్తర రొడీషియాలో, అంటే నేటి జాంబియాలో, నాలుగు వారాల్లో 16 వేల పిట్టల్ని పట్టేశారు. అవి నల్లబుగ్గల లవ్‌బర్డ్స్. పంజరపు పక్షుల వ్యాపారం కోసం జరిగిన ఆ వేట నుంచి ఆ జాతి నేటికీ పూర్తిగా తేరుకోలేదు. ముప్పు ముంగిట ఉన్న పక్షుల జాబితాలోనే ఉంది.

లవ్‌బర్డ్స్‌లో 9 జాతులున్నాయి. ఎనిమిది ఆఫ్రికా ఖండానివి, ఒకటి మడగాస్కర్‌ది. మన దగ్గర చాలామంది అదే పేరుతో కొనుక్కునే బడ్జీలు మాత్రం ఆస్ట్రేలియా చిలుకలు.

అడవిలో ఏం తినేవి?

నల్లబుగ్గల పిట్టలు గడ్డి గింజలు ఏరుకుంటాయి. లేత ఆకులు, పూలు, పండ్లు, పురుగుల లార్వాలూ తింటాయి. జొన్న, సజ్జ చేలు పాలుపోసుకునే వేళ గుంపులుగా వాలతాయి. అక్కడి రైతులు క్రమంగా మొక్కజొన్నకు మారడంతో వాటి మేత తగ్గిపోయింది. నల్లపట్టీ మెడ ఉన్న మరో జాతికి అడవి మేడిపండ్లు లేనిదే బతుకు లేదు. అందుకే అది పంజరాల్లో కనిపించదు.

పంజరానికి వచ్చేసరికి ఇన్ని రుచులూ పోయి ఎండు గింజలే మిగిలాయి. అవి చెడిపోవు, మోయడం తేలిక, ధరా తక్కువ. వ్యాపారికి ఉన్న ఆ సౌలభ్యమే కాలక్రమేణా పక్షికి భోజనమైపోయింది.

కోళ్లు నేర్పిన పాఠం

ఒకే రకం తిండితో ఏమవుతుందో లోకానికి చెప్పిందీ పక్షులే. 1890లలో బటావియాలో, అంటే నేటి జకార్తాలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ వైద్యుడి ప్రయోగశాలలో కోళ్లకు కాళ్లు పడిపోయాయి. ఆరా తీస్తే, సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వేస్తున్నారని తేలింది. కొత్త వంటవాడు వచ్చి సైనికుల అన్నం కోళ్లకు ఇవ్వనన్నాడు. ముడిబియ్యం వేయడం మొదలైంది. కోళ్లు లేచి తిరిగాయి. తవుడులో ఉన్నది బి1 విటమిన్ అని తర్వాత తెలిసింది. ఈ కృషికి ఐక్‌మన్ నోబెల్ అందుకున్నదీ 1929లోనే.

గిన్నెలో ఏముండాలి?

లవ్‌బర్డ్ గింజను ముక్కుతో ఒలిచి, పప్పు తిని, పొట్టును మళ్లీ గిన్నెలోనే రాలుస్తుంది. పైకి గిన్నె నిండుగానే కనిపిస్తుంది, లోపల తిండి ఉండదు. రోజూ పొట్టు ఊది చూడాలి.

గింజల్లో విటమిన్ ఎ, కాల్షియం తక్కువ. పొద్దుతిరుగుడు గింజల్లో నూనె ఎక్కువ, అవే మేపితే కొవ్వు పట్టి కాలేయం దెబ్బతింటుంది. కాల్షియం చాలని ఆడపిట్టకు గుడ్డు అడ్డం పడి ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే పశువైద్యులు పక్షుల కోసం తయారైన పెల్లెట్లను ప్రధాన ఆహారంగా పెట్టమంటారు. వాటికి తోడు కొర్రలు, సజ్జలు కొద్దిగా వేయండి. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము, గుమ్మడి ముక్క కడిగి రోజూ పెట్టండి. పండు కొంచెం చాలు, అందులో తీపి ఎక్కువ. ముక్కు గీరుకోవడానికి సముద్రఫేనం ముక్క కట్టండి, కాల్షియమూ అందుతుంది. నీళ్లు రోజూ మార్చండి. అవకాడో, చాక్లెట్, ఉల్లి, కాఫీ, టీ, ఉప్పు వేసిన చిరుతిళ్లు దగ్గరికి రానివ్వకండి.

గింజలకు అలవాటుపడ్డ పిట్ట కొత్త తిండిని వెంటనే ముట్టదు. ఒక్కసారిగా గింజలు ఆపేస్తే పస్తులుండి నీరసించిపోతుంది. కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా మార్చండి. తిండి మానేసినా, ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చున్నా వెంటనే వైద్యుడికి చూపించండి.

తన మేత తాను వెతుక్కునే వీలు పంజరంలోని పిట్టకు లేదు. మనం పెట్టిందే దాని ఆయుష్షు. పెంచుకోవాలని ముచ్చటపడ్డవాళ్లు ఆ బాధ్యతనూ మనస్ఫూర్తిగా తీసుకోవాలి.