కరణం పోయినా లెక్క పోలేదు

1984 జనవరి 6. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయి ఏడాది నిండడానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆ రోజు వెలువడిన ఒక్క ఆర్డినెన్సుతో ఆంధ్ర ప్రాంతంలో మునసబు, కరణాల పదవులూ, తెలంగాణలో పటేల్, పట్వారీల పదవులూ రద్దయిపోయాయి. తరతరాల పెత్తనం ఒక్క పూటలో ఊడింది.

జనం సంతోషించారంటే ఆశ్చర్యం లేదు. ‘కరణం సాధువూ కాదు, కాకి తెలుపూ కాదు’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. 1895 నాటి మద్రాసు చట్టం ఈ కొలువులకు వంశపారంపర్యపు ముద్ర వేసింది. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో పెరవలిని విడదీసి పెరవలిపాలెం అనే కొత్త ఊరు ఏర్పరిచినప్పుడు అక్కడి మునసబు పదవి కూడా పాత మునసబు కొడుక్కే దక్కింది. ఇంకో అభ్యర్థి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. వంశాన్ని బట్టి సర్కారు కొలువు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు తేల్చింది. అయినా చాలా ఊళ్లలో అవే ఇళ్లు చక్రం తిప్పుతూనే వచ్చాయి.

ఎందుకంటే లెక్క వాళ్ల చేతిలో ఉంది. సాగు లెక్కల పుస్తకమైన అడంగల్‌లో ఒక్క వరుస చూస్తే చాలు: సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, సాగుచేస్తున్నవాడు (అనుభవదారు), వేసిన పైరు, నీళ్లు ఎక్కడివి. ఏటా పొలాలు తిరిగి నింపాల్సిన గళ్లవి. అనుభవదారు గడిలో ఒక పేరు మారితే కౌలుదారుకు హక్కు పుట్టొచ్చు, పోవచ్చు. పుస్తకాలు తరచూ కరణం ఇంట్లోనే ఉండేవి. ఏ గట్టు ఎవరి తాత వేశాడో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు, అతని బుర్రలో ఉంది.

సర్కారు కొట్టేసింది పదవులను. పని అలాగే మిగిలింది. ఆ పని రేపటి నుంచి ఎవరు చేస్తారన్నది మొదటే తేల్చుకోవాల్సిన ప్రశ్న, తర్వాత వెతుక్కోవాల్సిన జవాబు కాదు. తమిళనాడు 1980లోనే ఇలా పదవులు రద్దు చేసింది. రెండు రాష్ట్రాల రద్దునూ సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టం గట్టిదే, ఏర్పాటే లోటు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఊళ్లో మాత్రం గ్రామ పరిపాలనాధికారి, పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) అంటూ బోర్డులు మారుతూ వచ్చాయి.

రాష్ట్రం విడిపోయాక రెండు తెలుగు రాష్ట్రాలూ రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు తెరిచి లక్షకు పైగా ఉద్యోగాలిచ్చింది. తెలంగాణ ఉన్నవాళ్లనే తీసేసింది. 2020 సెప్టెంబరు 7న వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ మధ్యాహ్నం మూడింటికల్లా స్వాధీనం చేసుకోవాలని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్లాయి. మంజూరైన పోస్టులు 7,039, పనిచేస్తున్నవాళ్లు 5,485 మంది. జీతాలు ఆగలేదు, పనే లేదు. చివరికి 2022లో లాటరీ తీసి వాళ్లను రకరకాల శాఖలకు పంచారు. భూమి లెక్క తెలిసినవాడు ఏ శాఖకు వెళ్లాలో చీటీ తేల్చింది! 2020లోనే వచ్చిన ధరణి భూరికార్డుల పోర్టల్‌లో అనుభవదారు గడే లేకపోయింది.

2025లో భూరికార్డుల కోసం భూభారతి చట్టం వచ్చింది. ఊరికొక గ్రామ పాలనాధికారి కావాలని ప్రభుత్వం అనుకుంది. పరీక్ష పెట్టి ఎంపిక చేసింది పాత వీఆర్వోలను, గ్రామ రెవెన్యూ సహాయకులనే.