ముప్పై సెకన్ల దమ్ము

సాయంత్రం ఐదు దాటింది. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్) లోపలికి రాగానే ఎర్రటి సింథటిక్ ట్రాక్ కనిపిస్తుంది. 2021 సెప్టెంబరులో అథ్లెట్ హర్మిలన్ బైన్స్ మహిళల 1500 మీటర్ల జాతీయ రికార్డు బద్దలుకొట్టింది దీనిమీదే. కాసేపు దాన్ని పక్కనపెట్టి, కేకలు వినిపిస్తున్న వైపు నడవండి.

కబడ్డీ మ్యాటు. 13 మీటర్ల పొడవు, 10 వెడల్పు. సిటీ పిల్లల కాళ్లకు బూట్లు, మోకాళ్లకు నీక్యాపులు. కొత్తగా వచ్చినవాడు మాత్రం చెప్పులు అంచున విడిచి, పగిలిన మడమలతో దిగాడు. పల్లె నుంచి బస్సెక్కి వచ్చాడు. గీత తాకి, వేళ్లు కళ్లకద్దుకొని కూతకెళ్లాడు.

తొందరపడడు. ఎడమ మూలవాణ్ని ఊరిస్తాడు, వెనక్కి జరుగుతాడు, మళ్లీ వస్తాడు. కూత ఎక్కడా తెగదు. అంతలో విజిల్.

"ఔట్!"

"దమ్ము ఇంకా ఉంది సార్!"

"దమ్ముంటే ఏం లాభంరా? ముప్పై సెకన్లు అయిపోయినయ్."

బూట్ల పిల్లలు కిసుక్కుమన్నారు. కొత్త కుర్రాడి ఊళ్లో సంక్రాంతికి సున్నంతో గీతలు గీసి ఆడే చెడుగుడులో గడియారం ఉండదు, ఊపిరున్నంతసేపూ కూతే.

ఆట ఒకటే అంటాం గానీ, సంజీవని, గామిని, అమర్ అని పద్ధతులు వేరువేరు. ఔటైనవాణ్ని మళ్లీ బతికించే సంజీవనికే పెద్దపీట దక్కింది. 1990లో బీజింగ్ ఏషియాడ్‌కు ఎక్కింది. 2014లో ప్రొ కబడ్డీతో టీవీకెక్కింది. అప్పుడు ఆ లీగ్‌లో మన తెలుగు టైటాన్స్ జట్టుకు పెద్ద దిక్కు ఉత్తరప్రదేశ్ కుర్రాడు రాహుల్ చౌదరి. బ్రహ్మాండంగా ఆడాడు, కాదనను. మన మట్టి కుర్రాళ్లేరీ అని మాత్రం అడగాలనిపిస్తుంది.

జవాబు ఈ మ్యాటు దగ్గరే ఉంది. దీని ఖరీదు లక్ష పైమాటే. కూలికెళ్లే ఇళ్ల పిల్లలకు దొరికేది చేను పక్క మట్టి. పైస్థాయి పోటీలు, వాటితో వచ్చే స్పోర్ట్స్ కోటా పోలీసు, రైల్వే కొలువులు మ్యాటు వైపే.

రెండోసారి కూతకెళ్లాడు. ఈసారి లోపల లెక్కపెట్టుకుంటున్నట్టున్నాడు. ఒకణ్ని తాకి తిరిగేలోపు చీలమండ పట్టేశారు. మట్టిలో అయితే జారి తప్పించుకునేవాడే. మ్యాటు జారనివ్వదు. మోకాలి చర్మం లేచి ఎర్రబడింది. ఉమ్ము రాసుకొని మళ్లీ వరుసలో నిలబడ్డాడు.

ఇలాంటి పిల్లలు ఆడుకోవడానికని 2022లో తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. చాలాచోట్ల బోర్డులే మిగిలాయి. అయ్యా, కొత్త బోర్డులొద్దు. మండలానికో మ్యాటు కొనివ్వండి.