మలుపుల్లోనే మోత

"అమ్మేయండి మాస్టారూ. తుక్కు ధరకైనా పోతుంది."

రాజోలు దగ్గర ఓ ఊళ్లో ఉండే రిటైరైన మాస్టారితో ఆ మాట అన్నది రెండో మెకానిక్. మొదటివాడు షాకబ్జార్లు మార్చాడు. రెండోవాడు సైలెన్సర్ రబ్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు వేసి చేతులెత్తేశాడు. బండేమో మారుతి 800. ఆ మోడల్ తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. ముందు చక్రాల దగ్గర ఎక్కడో టకటకమనే చప్పుడు మాత్రం అలాగే ఉంది. 2022 దసరాకి ముందు సంగతి ఇది. మనుషుల పేర్లు వదిలేసి, జరిగిన తీరు చెప్తాను.

అమలాపురంలో మూడో మెకానిక్ పెద్దాయన. బానెట్ ఎత్తనైనా లేదు.

"ఎప్పుడొత్తందండీ?"

మాస్టారు నోటితో చప్పుడు చేసి చూపించారు. పెద్దాయన నవ్వాడు. "అది సరేనండీ, ఎప్పుడొత్తందీ అని."

"ఎప్పుడూ వస్తూనే ఉంటుందయ్యా!"

వెనక సీట్లోంచి వాళ్లావిడ అందుకున్నారు. "ఎప్పుడూ ఎక్కడండీ? మొన్న పాలకొల్లు వెళ్లామా, చించినాడ వంతెన పొడుగునా ఒక్క చప్పుడు లేదు. మన కాలవగట్టు మలుపుల్లోనే మొదలైంది."

రెండు గ్యారేజీల్లో తేలని విషయం ఆ ఒక్క మాటతో సగం తేలిపోయింది. కోనసీమలో రోడ్లు చాలామటుకు కాలవల్ని పట్టుకునే పోతాయి. కాలవ వంగితే రోడ్డూ వంగాల్సిందే. అందుకే మలుపులో వచ్చే మోత మాస్టారి చెవికి రోజంతా వచ్చే మోత అయి కూర్చుంది.

పెద్దాయన ఖాళీ జాగాలోకి బండి తోలించాడు. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి, ఫస్ట్ గేర్‌లో మెల్లగా యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. టక్, టక్, టక్. వేగం పెంచితే చప్పుడూ దగ్గరైంది. ఎడమకు తిప్పితే దాదాపు లేదు. వీల్ బేరింగయితే తిన్నటి రోడ్డు మీద కూడా వేగం అందుకోగానే హోరు పెట్టేది. బెల్టయితే వానపడ్డ పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమనేది. ఇది రెండూ కాదు.

జాకీ ఎత్తి ఎడమ చక్రం వెనక చెయ్యి పెట్టాడు. యాక్సిల్ రబ్బరు బూటు చుట్టూతా చీలి ఉంది. వేలికంటిన గ్రీజులో ఇసుక గరగరలాడింది.

"వరదలో దింపారేటండీ?"

మాస్టారు పలకలేదు. ఆ జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలితే, గోదావరి లంకల్ని ముంచేసింది. నీరు తీస్తుండగా, చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీదుగా చుట్టాల్ని చూడ్డానికి ఈ బండిలోనే వెళ్లారు.

"చక్రం సగం కూడా మునగలేదయ్యా," అన్నారు చివరికి.

సగం అక్కర్లేదు. చక్రాన్ని తిప్పే ఇరుసు చివర కప్పులో ఉక్కు గుండ్లు ఉంటాయి. చక్రం ఎంత పక్కకు తిరిగినా ఇంజిన్ బలం అందేది వాటి మీదుగానే. బూటు చిరిగితే గ్రీజు బయటికి, ఒండ్రు లోపలికి. గాడులు అరిగి, మలుపులో బరువు పడ్డప్పుడల్లా గుండ్లు కొట్టుకుంటాయి. షాకబ్జార్లు మార్చినవాడు చక్రం వెనక ఒక్కసారి తొంగి చూసుంటే ఈ పాటికి మాస్టారి పెన్షన్ మిగిలేది. అది నా అక్కసు, మాస్టారిది కాదు.

జాయింట్, బూటు కొత్తవి పడ్డాయి. కుడివైపు బూటు కూడా బీటలిస్తే దాన్నీ మార్పించుకున్నారు. మళ్లీ అదే జాగాలో, అదే కుడి మలుపు. చప్పుడు లేదు. మాస్టారు హుషారుగా రోడ్డెక్కించారు. స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక 'గుడ్' మంది.

పెద్దాయన దిగి డిక్కీ తెరిచాడు. జాకీ బిగించకుండా పడేసి ఉంది. దాన్ని పట్టీలో పెట్టి బిగించాడు.

"మరి మొదటివాడు షాకబ్జార్లు దేనికి మార్చినట్టయ్యా?"

"ఆయ్, దీనికేనేమోనండీ!"