బడి మూడింటికి, ఆఫీసు ఆరింటికి

అమెరికాలో పిల్లల్ని బడికి పంపుతున్న మనవాళ్ళనెవర్నైనా అడగండి. మధ్యాహ్నం మూడయ్యేసరికి మీటింగులో కూర్చున్నా మనసంతా బడి గేటు దగ్గరే ఉంటుంది. ఈ బాధ మన కాలంలో పుట్టిందేం కాదు. అక్కడి ప్రభుత్వం ఒకసారి దీనికి మందు కనిపెట్టి, పనైపోగానే పారేసింది కూడా!

రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి వెళ్తే, ఫ్యాక్టరీలకి ఆడవాళ్ళు కావాల్సొచ్చారు. మరి పిల్లలో? 1943 నుంచి లాన్‌హామ్ చట్టం కింద ఫెడరల్ డబ్బుతో శిశుసంరక్షణ కేంద్రాలు నడిచాయి. బడి ఈడు పిల్లల్ని కూడా బడికి ముందూ తర్వాతా చూసుకునేవాళ్ళు. తల్లి కట్టేది రోజుకి దాదాపు అర డాలరు. 1944లో ఒక దశలో సుమారు 1,30,000 మంది పిల్లలున్నారు వీటిల్లో. యుద్ధం ముగిసింది, 1946లో ఫెడరల్ డబ్బు ఆగింది. అమ్మలూ, ఇక ఇంటికెళ్ళండి! కాలిఫోర్నియా మాత్రం తన డబ్బుతో కొనసాగించింది.

1971లో దేశమంతటికీ శిశుసంరక్షణ బిల్లు కాంగ్రెస్‌లో నెగ్గింది, నిక్సన్ వీటో చేశాడు. అప్పుడు ప్రభుత్వంలో ఉన్న యేల్ సైకాలజిస్టు ఎడ్వర్డ్ జిగ్లర్ ఆ ఆలోచన వదల్లేదు. 1987లో ఆయన వాదన చాలా సింపుల్: కొత్త వ్యవస్థ దేనికి, ప్రతి పేటలో బడి ఉండనే ఉందిగా, దాన్నే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచి ఉంచుదాం. 1988లో మిస్సోరి రాష్ట్రం ఇండిపెండెన్స్‌లో మొదలైంది.

నాకు ఒళ్ళు మండేది 2003 కథ. సాయంత్రం కార్యక్రమాలకి ఫెడరల్ ప్రభుత్వం ఏటా వంద కోట్ల డాలర్లిస్తున్న రోజులవి. మాథమాటికా అనే సంస్థ అధ్యయనం చేసి, మార్కులు పెద్దగా పెరగలేదని తేల్చింది. అంతే, బుష్ ప్రభుత్వం అరవై కోట్లకి కోసేద్దామంది. అధ్యయనం తప్పని నేననను. కానీ పిల్లాడు సాయంత్రం ఆరు దాకా క్షేమంగా ఉండాలని పెట్టినదాన్ని ముందు లెక్కల మార్కులతో కొలవడమేమిటండీ? టెస్టుకేసు ఒకదానికి రాసి, రన్ చేసింది ఇంకోదాని మీద. ఆ కోత వద్దని సెనేట్‌లో సాక్ష్యం చెప్పినవాళ్ళలో సినిమా హీరో ష్వార్జ్‌నెగర్ కూడా ఉన్నాడు. చివరికి కాంగ్రెస్ కోత ఒప్పుకోలేదు.

ఇక లాన్‌హామ్ కేంద్రాల సంగతి. క్రిస్ హెర్బ్‌స్ట్ అనే ఆర్థికవేత్త పాత జనాభా లెక్కలు తవ్వి 2017లో పేపర్ వేశాడు. తల్లుల ఉద్యోగాలు పెరిగాయి, ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా ఉద్యోగాల్లో, సంపాదనలో మెరుగ్గా ఉన్నారు, పేదిళ్ళ పిల్లలు మరీను. ఆ కేంద్రాలకి డబ్బు ఆపేసి అప్పటికి డెబ్భై ఏళ్ళు దాటింది.