నాలుగు నెలల ముసురు

మన వాళ్ళు వానకి ఎన్ని పేర్లు పెట్టారో చూడండి! చినుకు, తుంపర, జల్లు, జడివాన, గాలివాన, కుంభవృష్టి. వీటన్నిటిలోకీ ఇల్లాలికి బొత్తిగా గిట్టనిది ముసురు. కుంభవృష్టి ఓ గంట కురిసి తన దారిన తాను పోతుంది. ముసురు అలా కాదు, మొహమాటం లేని చుట్టంలా తిష్ఠ వేస్తుంది. ఉతికిన బట్టలు ఆరవు. వసారాలో కట్టిన తాళ్ళ కింద నుంచి తల వంచుకుని నడవాలి. అప్పడాలు మెత్తబడతాయి, ఉప్పు నీరు కారుతుంది, అగ్గిపుల్ల అంటుకోదు. బయటికి పోవడానికి వీల్లేక పిల్లలు మన ప్రాణాలు తోడేస్తారు. మూడో రోజుకల్లా ఎంత ఓర్పు గల మనిషికైనా విసుగు పుడుతుంది.

మరి ఆ ముసురు నాలుగు నెలలు పట్టుకుంటే?

అలాంటి చోటు ఒకటుంది. అమెరికాకి వాయవ్యమూల, పసిఫిక్ సముద్రం వైపున, సియాటిల్, పోర్ట్‌లండ్ నగరాలున్న ప్రాంతం. ఈ పేజీ చదివే వాళ్ళలో ఎంతోమందికి కూతురో, కొడుకో, మేనకోడలో అక్కడ కాపురం ఉండే ఉంటారు. కంప్యూటర్ ఉద్యోగాల పుణ్యమా అని అక్కడ తెలుగు మాట వినపడని వీధి తక్కువే ఇవాళ. మైక్రోసాఫ్ట్ కంపెనీకి 2014 నుంచీ పెద్దగా ఉన్న సత్య నాదెళ్ళ మన హైదరాబాదులో పుట్టినవాడేనాయె.

తమాషా ఏమిటంటే, సియాటిల్‌లో కురిసే వాన కొలతకి పెద్ద ఎక్కువేమీ కాదు. ఏడాది మొత్తానికి సుమారు 38 అంగుళాలు. మన విశాఖపట్నంలో అంతకంటే ఎక్కువే కురుస్తుంది! కాని మనకి కురిసేదేదో కొద్ది రోజుల్లో దబదబా కురిసిపోతుంది. అక్కడ అదే నీళ్ళు 150 రోజులకి పంచుకుని, జల్లెడలోంచి జారినట్టు సన్నగా పడతాయి. పసిఫిక్ మీద నుంచి వచ్చే తడిగాలి కొండలకి తగిలి, అక్టోబరు ఆఖరు నుంచి మార్చి దాకా మబ్బు ముసుగు వేసేస్తుంది. పైగా ఆ ఊరు ఉత్తరాన ఎక్కడో 47 డిగ్రీల మీద ఉంది. డిసెంబరులో పొద్దు పొడవడం ఉదయం ఎనిమిదికి, కుంకడం సాయంత్రం నాలుగుంబావుకి. పిల్లలు బడినుంచి ఇంటికొచ్చి పాలు తాగేసరికి చీకటి! ఆ మధ్యలో ఉన్నది కూడా వెలుగని ఒప్పుకోవడానికి మనసు రాదు.

ఇంతకీ అక్కడి మనుషులు ఇన్ని వందల ఏళ్ళుగా ఈ చలికాలాన్ని ఎలా గట్టెక్కించారు? ఆ కథ చెప్పడానికే ఈ ఉపోద్ఘాతమంతా.

ఆ ప్రాంతపు ముసురుని రోజువారీగా దినచర్యల్లో రాసిపెట్టిన మహానుభావులు లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు సైనికాధికారులు. అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ పంపితే 1804 మే నెలలో బయల్దేరి, నదులూ కొండలూ దాటుకుని, 1805 నవంబరుకి పసిఫిక్ ఒడ్డు చేరారు. ఇహ చలికాలం ఎక్కడ గడపాలా అన్న ప్రశ్న వచ్చింది. నవంబరు 24న అందరి అభిప్రాయమూ అడిగారు. క్లార్క్ గారి బానిస యార్క్‌నీ అడిగారు, చంటిబిడ్డని వీపున కట్టుకుని వాళ్ళ వెంట వచ్చిన సకాగవియా అనే షోషోనీ తెగ అమ్మాయినీ అడిగారు. అమెరికాలో ఆడవాళ్ళందరికీ ఓటు హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో. అంటే దానికి 115 ఏళ్ళ ముందే, వానలో తడుస్తూ ఓ పదిహేడేళ్ళ పిల్ల తన మాట చెప్పిందన్నమాట. దుంపలు ఎక్కువగా దొరికే చోటైతే బాగుంటుందని చెప్పిందిట. వంట ఎలా జరుగుతుందో చూసుకునేది ఆడమనిషేగా మరి!

కొలంబియా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, క్లాట్‌సాప్ తెగ వాళ్ళ నేల మీద, యాభై అడుగుల చదరంలో చిన్న కోట కట్టుకున్నారు. డిసెంబరు 7 నుంచి మార్చి 23 దాకా 106 రోజులు అక్కడ ఉన్నారు. అందులో వాన పడని రోజులు పన్నెండు. సూర్యుడు నిజంగా కనబడ్డ రోజులు ఆరంటే ఆరు! బట్టలు ఒంటిమీదే కుళ్ళాయి. వేటాడి తెచ్చిన మాంసం చెడిపోయింది. జలుబులు, జ్వరాలు, కీళ్ళనొప్పులు, వీటికి తోడు నిద్రపోనివ్వని గోమార్లు. క్రిస్మస్ పండగనాటి విందు చెడిన దుప్పి మాంసం, చెడిన ఎండుచేప, కాసిని దుంపలు. ఇంకేం పండగ, పాపం!

అయితే వాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కొందరు సముద్రపు ఒడ్డుకి పోయి పొయ్యిల మీద ఉప్పునీళ్ళు కాచి ఉప్పు తీశారు. మిగిలినవాళ్ళు తోళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నారు. తిరుగు ప్రయాణం నాటికి 338 జతల తోలు చెప్పులు తయారయ్యాయి. క్లార్క్ దేశపటాలు గీశాడు, లూయిస్ చెట్లూ చేమలూ జంతువుల వర్ణనలు రాశాడు. పని లేకపోతే ఆ ముసురులో వాళ్ళకి మతిపోయేదేమో!

ఆ కోట చుట్టూ అదే వానలో, అదే చీకట్లో క్లాట్‌సాప్ వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ఆ చలికాలం ఒక విపత్తు కాదు, ఏటా వచ్చే ఒక ఋతువు. ఎర్ర సీడార్ చెట్టు పలకలతో కట్టిన పెద్ద పెద్ద ఇళ్ళు, మధ్యలో నిప్పు, దాని చుట్టూ నాలుగైదు సంసారాలు. పైన దూలాలకి ఎండబెట్టిన సాల్మన్ చేపలు. ఇవన్నీ అప్పటికప్పుడు వచ్చినవి కావు. చేపలు ఎండబెట్టింది ఎండల్లో. సీడార్ బెరడు ఒలిచింది చెట్టులో రసం పారే వసంతకాలంలో. ఆ బెరడు ఆరబెట్టి, నానబెట్టి, చీల్చి, నారతీసి అల్లకం మొదలుపెట్టేది ఆడవాళ్ళు. ముసురు రోజుల కోసం ఎండరోజుల్లో సిద్ధం కావడం అన్నమాట. వేసవిలో మన అమ్మమ్మలు మేడమీద వడియాలు పెట్టి, వరుగులు ఎండేసి, ఆవకాయ జాడీలకి వాసెన కట్టినట్టే! సముద్రాలు వేరైనా ఇల్లాలి లెక్క ఒక్కటే.

ఆ నారతో, ఒక రకం తెల్లటి గడ్డితో కలిపి వాళ్ళు అల్లే టోపీలలోకి చుక్క నీరు దిగదు. లూయిస్, క్లార్క్‌లు ముచ్చటపడి ఒకావిడకి తమ తలల కొలతలిచ్చి మరీ చేయించుకున్నారు. 1806 ఫిబ్రవరి 22న ఆ టోపీలు వచ్చాయి. సరిగ్గా అతికాయని మురిసిపోయి, ఆవిడ తెచ్చిన మిగతా టోపీలన్నీ కూడా కొని తమ వాళ్ళకి పంచిపెట్టారు. తుపాకులూ దూరదర్శినులూ ఉన్న దండు ఒక ఆడమనిషి చేతి అల్లకం ముందు తల వంచింది. వంచక చస్తుందా, టోపీ పెట్టించుకోవాలంటే తల వంచాలిగా!

సకాగవియా సంగతి ఇంకొకటి చెప్పి తీరాలి. జనవరిలో సముద్రపు ఒడ్డుకి ఒక పెద్ద తిమింగలం కొట్టుకొచ్చిందని కబురొచ్చింది. క్లార్క్ కొంతమందిని వెంటేసుకుని బయల్దేరుతున్నాడు. అన్ని రోజులూ నోరెత్తని ఆ పిల్ల అప్పుడు పట్టుబట్టింది. ఇంత దూరం నడిచొచ్చాను, మహాసముద్రం చూడలేదు, ఇప్పుడా పెద్ద చేపనైనా చూడనివ్వకపోతే ఎలా అని. జనవరి 6న ఆమెనీ తీసుకెళ్ళారు. అక్కడికి వెళ్ళేసరికి మిగిలింది ఎముకల గూడే. క్లార్క్ కొలిస్తే 105 అడుగులుంది. అయితేనేం, చూడాలనుకున్నది చూసి వచ్చింది. వాన వెలిశాక వెళదామని కూర్చుంటే, ఆ 106 రోజుల్లో ఆ అమ్మాయి సముద్రం చూసేదా?

మార్చిలో వెళ్ళిపోతూ లూయిస్ దండు తమ కోటని క్లాట్‌సాప్ నాయకుడు కోబోవేకి ఇచ్చేసింది. అంతా సవ్యంగా ముగిసిందనడానికి లేదు. అదే వారంలో ఆ తెగవాళ్ళ దోనె ఒకటి దొంగిలించి తీసుకుపోయారు కూడా. చలికాలమంతా దుంపలూ చేపలూ అమ్మి, టోపీలల్లి ఇచ్చిన పొరుగువాళ్ళకి ఇదా బహుమానం అనిపిస్తుంది.

తరవాత 45 ఏళ్ళకి ఇంకో గుంపు వచ్చింది. 1851 నవంబరు 13న ‘ఎగ్జాక్ట్’ అనే ఓడ ఇప్పటి సియాటిల్ దగ్గర అల్కీ అనే చోట డెనీ కుటుంబాన్నీ వాళ్ళ తోటివాళ్ళనీ దింపింది. ఆరోజూ వానే! ముందుగా వచ్చిన డేవిడ్ డెనీ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు జ్వరంతో ఒంటరిగా ఉన్నాడు. వీళ్ళ కోసం కడుతున్న ఇంటికి కప్పు లేదు. ఆ కప్పులేని ఇల్లు చూసి ఆడవాళ్ళు వానలో నిలబడి ఏడ్చారని ఆ ఊరి చరిత్రలు చెబుతాయి. ఏడవరూ మరి! మేరీ డెనీ చేతిలో రెండున్నర నెలల పసివాడు. ఒంట్లో బాగోక ఆవిడకి పాలు లేవు, అక్కడ ఆవు లేదు. అప్పుడొక ఆదివాసీ స్త్రీ సలహా చెప్పిందిట, ఆల్చిప్పల రసం పట్టమని. ఆ రసం తాగి బతికిన రోలండ్ డెనీ 1939 దాకా జీవించాడు! పేరు తెలియని ఆ తల్లికి సియాటిల్ నగరం ఎంత ఋణపడి ఉందో చూడండి. మేరీ చెల్లెలు లూయిసా మాత్రం ఊరునుంచి గులాబీ జాతి పూలగింజలు మూటకట్టుకుని తెచ్చుకుంది. ఇంటిముందు నాటింది. కప్పులేని ఇంటికి పూలమొక్కలేమిటని మగవాళ్ళు అనుకుని ఉండవచ్చు. ఆడవాళ్ళకి తెలుసు ఏమిటో!

ఈ కథలో నాకు మనసు నొప్పించే ఘట్టం దీని తరవాతది. ఆ ఆదివాసులకి చలికాలం కలుసుకునే కాలం. వేసవిలో చెదిరిపోయి చేపలు పట్టుకునేవాళ్ళు ముసురు పట్టగానే ఒక్కచోట చేరేవారు. నిప్పు చుట్టూ కూర్చుని పెద్దవాళ్ళు కథలు చెప్పేవారు. పాటలు, ఆటలు, పూజలు, విందులు, కానుకలు ఇచ్చుకోవడాలు అన్నీ అప్పుడే. చీకటిని ఎదుర్కోడానికి వాళ్ళ దగ్గర ఉన్న పెద్ద మందు ఇదే. తెల్లవాళ్ళ ప్రభుత్వాలకి ఇది గిట్టలేదు. సియాటిల్‌కి ఆ పేరిచ్చిన నాయకుడి తెగ, సుక్వామిష్ వాళ్ళు, కాపురమున్న కొన్ని వందల అడుగుల పొడుగాటి ఇంటిని 1870లో తగలబెట్టించారు. సరిహద్దు కవతల కెనడాలో ‘పాట్లాచ్’ అనే ఆ విందుల పండగని చట్టం పెట్టి మరీ నిషేధించారు. 1885 నుంచి 1951 దాకా అది నేరమే! చలికాలాన్ని ఓర్చుకునే విద్య తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి, ఆ విద్యనే లాగేసుకున్నారన్నమాట.

ఆ తరవాత చాలా కాలానికి డాక్టర్లు ఈ చీకటి దిగులుని గురించి శ్రద్ధగా ఆలోచించారు. నార్మన్ రోజెంథాల్ అనే డాక్టరు దక్షిణాఫ్రికాలోని ఎండల దేశం నుంచి 1976లో అమెరికా వచ్చాడు. చలికాలం రాగానే తనకి ఒళ్ళు బరువెక్కడం, పని సాగకపోవడం, వసంతం రాగానే తేలికపడటం గమనించుకున్నాడు. 1984లో ఆయనా, ఆయన తోటివాళ్ళూ దీనికి ఒక వ్యాధిగా పేరు పెట్టి, పొద్దున్నే ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చుంటే చాలామందికి నయమవుతోందని చూపించారు. ఆ దీపం పెట్టెలు ఇవాళ అక్కడ దుకాణాల్లో అమ్ముతారు. సాధారణంగా పదివేల లక్స్ వెలుగు, ఉదయం ఓ అరగంట. ఇంకో సంగతి. బోస్టన్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడే ఎండకి ఒంట్లో డి విటమిన్ తయారవదని 1988లో తేల్చారు. సియాటిల్ అంతకంటే ఉత్తరాన ఉంది. అందులోనూ మన చామనఛాయ ఒళ్ళకి తెల్లవాళ్ళకంటే ఎక్కువ ఎండ కావాలి. అంచేత అక్కడున్న మన పిల్లలు నీరసంగా ఉందంటే, “వేళకి తినడం లేదు నువ్వు” అని ఫోనులో దెబ్బలాడే ముందు, ఒకసారి డాక్టరు చేత చూపించుకోమని చెప్పండి.

కూతురి పురుటికి నవంబరులో అక్కడికి వెళ్ళే తల్లులు ఎంతమందో! కిటికీలోంచి చూస్తే బూడిదరంగు ఆకాశం, వీధిలో మనిషి జాడ ఉండదు, అల్లుడు చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తాడు. పదిరోజులకే ఆ తల్లికి ఊరి మీద బెంగ మొదలవుతుంది. అలాంటి తల్లులందరికీ క్లాట్‌సాప్ ఆడవాళ్ళు చెప్పగలిగిన మాటలు మూడున్నాయనిపిస్తుంది. వానకి తగిన టోపీ పెట్టుకుని రోజూ బయటికి నడు, అది వెలిసేదాకా కూర్చోకు. చేతికి ఓ పని పెట్టుకో, అల్లికైనా సరే, కుట్టుపనైనా సరే. అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా ఉండకు, పదిమందిని పిలువు.

ఈ మూడోది మనకి కొత్త కాదు. అక్కడ పొద్దు కురచవుతున్న రోజులకే మన కార్తీకమాసం వస్తుంది. చీకటి పడగానే దీపం పెట్టాలని మన పెద్దవాళ్ళు అన్నారు. ఆ నెలలో పదిళ్ళవాళ్ళు కలిసి ఓ పొయ్యి దగ్గర చేరితే అది వనభోజనమే, వనం తడిసి ముద్దయి ఉన్నా సరే! జనవరి ముసురులో పిల్లలకి భోగిపళ్ళు పోయడానికి వాన అడ్డొస్తుందా?

ముసురుని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ పలకల ఇళ్ళలో నిప్పు చుట్టూ కూర్చున్నవాళ్ళూ దాన్ని ఆపాలనుకోలేదు. కాస్త పక్కకి జరిగి, వచ్చినవాళ్ళకి చోటిచ్చి, కథ మళ్ళీ మొదటినుంచి చెప్పారు. అంతే.