మహామారి పిమ్మట పేదల యిండ్లు: బొంబాయి ప్లేగు నాటి అనుభవము

నగర చరిత్రమును వ్రాయువారు కోటలను, దేవాలయములను, రాజభవనములను వర్ణించినంత శ్రద్ధతో పేదవాని గదిని వర్ణించుట అరుదు. ఆ గది యెంత వెడల్పు, దానికి కిటికీ కలదా, కుళాయి యెంత దూరమున నున్నది, మరుగుదొడ్డిని ఎన్ని కుటుంబములు పంచుకొనవలెను అను ప్రశ్నలు సామాన్యకాలమున పాలకులకు తోచవు. మహామారి వచ్చినపుడే అవి చర్చకు వచ్చును. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఈ ప్రశ్నలే మరల తలయెత్తినవి. కాని యివి క్రొత్తవి కావు. 1896లో బొంబాయిని ప్లేగు పీడించిన పిమ్మట వీనికి సమాధానముగా చట్టములు, సంస్థలు, కొలతలు, కట్టడములు పుట్టినవి. వాని గుణదోషములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

1896 సెప్టెంబరులో, రేవునకు చేరువనున్న మాండ్వీ పేటలో, వైద్యుడు అకాసియో గాబ్రియెల్ వీగస్ ప్లేగును తొలుత గుర్తించెను. 1891లో 8,21,764గా నున్న నగర జనసంఖ్య 1901 నాటికి 7,76,006కు తగ్గెను. మరణములును, భయముచే జనులు ఊరు విడిచిపోవుటయు నిందులకు ముఖ్యకారణములు. ఆ 1901 నాటి లెక్కల ప్రకారము జనులలో నూటికి సుమారు ఎనుబదిమంది ఒంటిగది కాపురములలో నుండిరి. ఈ నగరముతో తెలుగువారికి పూర్వమే సంబంధము కలదు. నైజాము రాజ్యమునుండి కట్టడపు పనులకై వలసపోయిన తెలుగు కూలీలను అచ్చట కామాఠీలనిరి. కామాఠీపురమునకు ఆ పేరు వారివలననే వచ్చినది.

1897లో అంటురోగముల చట్టము వెలువడెను. అధికారులు ఇండ్లు సోదా చేసిరి, రోగులను వేరుచేసిరి, గోడలకు సున్నము కొట్టించిరి, వెలుతురు సోకుటకై పైకప్పుల పెంకులను తీయించిరి. నివాసమునకు పనికిరాదని తేల్చిన యింటిమీద ‘యు.హెచ్.హెచ్.’ అను మూడక్షరములు వ్రాయించిరి. ఆ యక్షరములు కనబడినపుడు ఆ యింటివారు ఎచ్చటికి పోవలెనను ప్రశ్నకు మాత్రము గోడమీద సమాధానము లేదు. తరువాతి చరిత్రమంతయు ఈ లోపము చుట్టునే తిరిగినది.

1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడెను. ఇరుకు పేటలను తెరచుట, క్రొత్త వీథులు వేయుట, పేదలకు ఆరోగ్యకరమైన నివాసములు నిర్మించుట దాని విధులు. కామాఠీపురము ప్రక్కనున్న నాగ్‌పాడా దాని తొలి పథకములలో నొకటి. కలుషితమైన గాలియు, చీకటియు రోగమునకు మూలమను నమ్మకము ఆ కాలమున బలముగా నుండెను. సముద్రపు గాలిని ఇరుకు పేటలలోనికి రప్పించుటయు ప్రిన్సెస్ వీథి నిర్మాణమున ఉద్దేశములలో నొకటి. వాస్తవమునకు ప్లేగు క్రిమిని యెర్సెన్ 1894లోనే హాంకాంగున కనుగొనెను. అది ఎలుకల దేహముపై నుండు చిన్న పురుగు కాటువలన మనుష్యులకు సోకునని సిమాండ్ 1898లో కరాచీయందు చూపెను. ఆ సిద్ధాంతము అందరి ఆమోదమును పొందుటకు కొన్ని యేండ్లు పట్టినది. అనగా, ఇండ్లను గాలికొరకు తెరచినవారు ప్లేగు కారణమును సరిగా గ్రహించినవారు కారు.

అయినను వారి కృషి వ్యర్థమని చెప్పరాదు. ట్రస్టునకు అధ్యక్షుడుగా నుండిన జె. పి. ఆర్ గదులలోని గాలి వెలుతురులనుగూర్చి 1912లో ఉపన్యసించుచు ఒక కొలతను గట్టిగా ప్రతిపాదించెను. గదికి వెలుపల, నేలతో అరువదిమూడున్నర డిగ్రీల కోణమున, ఆకాశమునకు అడ్డు లేకుండవలెననుట దాని సారము. లెక్క సులభము: ఎదుటి గోడ యెత్తులో సగమైనను నడుమ ఖాళీస్థలము వదలవలెను. ఎదుటి గోడ నలుబది అడుగులైనచో నడుమ ఇరువది అడుగులు కావలెను. ఈ నియమము ప్లేగును ఆపజాలదు. కాని క్షయవంటి రోగముల విషయమున దీని ప్రయోజనము కాదనరానిది. పేదవానికిని ఆకాశములో నింత భాగము కలదని ఒక కొలతతో చెప్పుట యిందలి విశేషము.

మరి లోపమెచ్చట? పడగొట్టుట వేగముగను, కట్టుట మెల్లగను సాగినది. కట్టిన గదుల అద్దె చాలమంది కూలీలకు అందలేదు. ఇల్లు కోల్పోయినవారు పనికి చేరువనుండుటకై ప్రక్క పేటలలోనికే చేరిరి. అవి మునుపటికంటె కిక్కిరిసినవి. ఒకచోట తగ్గిన యిరుకు మరియొకచోట పెరిగినది. 1920లో ఏర్పడిన బొంబాయి డెవలప్‌మెంట్ శాఖ వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీ ప్రాంతములలో 207 కాంక్రీటు చాళ్లను నిర్మించెను. గది వైశాల్యము సుమారు 160 చదరపుటడుగులు. మరుగుదొడ్లు అంతస్తునకు ఉమ్మడి. ఇండ్లకై తపించుచున్న నగరమున, వర్లీలో ననేకములైన గదులు చాలకాలము ఖాళీగా నుండెను. సంత, రాకపోకల సౌకర్యము, పనిచోటు దగ్గర లేని గదిని కూలివాడు ఇల్లుగా భావింపలేదు. ట్రస్టు 1933లో పురపాలక సంఘమున విలీనమైనది.

ఈ పద్ధతికి మారుపద్ధతిని చూపినవాడు పాట్రిక్ గెడ్డెస్. 1914లో భారతదేశమునకు వచ్చిన యీయన పేటను పడగొట్టుటకు ముందు దానిని నడచి చూడవలెననెను. శిథిలమైన కొలది యిండ్లను మాత్రమే తొలగించి, ఆ ఖాళీలను చిన్న ముంగిళ్లుగా తీర్చి, తక్కినవానిని బాగుచేయుట యాయన విధానము. దీనిని పొదుపైన శస్త్రచికిత్సగా భావింపవచ్చును. ఇందోరునకు 1918లో సమర్పించిన నివేదికలో ఈ దృష్టి విస్తరముగా కనబడును.

ఇక 2020 అనుభవమును దీని ప్రక్కన పెట్టి చూతము. ప్లేగు కాలమున గాలిని నిందించుట పొరపాటు. కోవిడ్ విషయమున గాలియే నిజమైన వాహకము. తప్పు కారణమునకై పుట్టిన నియమము, నూరేండ్ల పిమ్మట, సరియైన కారణమునకు పనికివచ్చినది. 2020 జులైలో ముంబయి మూడు వార్డులలో జరిపిన రక్తపరీక్షలలో మురికివాడల వారిలో నూటికి 57 మందికి, ఇతరులలో నూటికి 16 మందికి అంతకుముందే రోగము సోకిన జాడ కనబడెను. కిక్కిరిసిన నివాసమును, ఉమ్మడి మరుగుదొడ్లును ఇందులకు కారణములై యుండవచ్చునని పరిశోధకులు తలంచిరి. ఇంటిలో నుండుడని చెప్పిన కాలమున, నీటికిని కాలకృత్యములకును ఇల్లు విడువక తీరనివారు ఆ యాజ్ఞను పాటించుట యెట్లు?

కావున అల్పాదాయవర్గముల యిండ్ల విన్యాసమునకు ఈ చరిత్రమునుండి కొన్ని సూత్రములను గ్రహింపవచ్చును. మొదటిది, ప్రతి నివాసపు గదికి వెలుపలి గాలి తగులవలెను. రెండువైపుల కిటికీలున్న గది, నడవకు ఒకే ద్వారమున్న గదికంటె మేలు. భూమి విలువ పేరిట మేడల నడుమ దూరమును తగ్గించుట పాత రోగమును పైయంతస్తులకెత్తుటయే. రెండవది, కుళాయియు మరుగుదొడ్డియు ఇంటింటికి ఉండవలెను. మూడవది, అరుగు, ముంగిలి, చెట్టునీడ అలంకారములు కావు. బీడీ చుట్టుటకును, కుట్టుపనికిని, ముసలివారు గాలికి కూర్చుండుటకును అవి ఇంటిలో భాగములే; గది చిన్నదైనకొలది వాని యవసరము పెరుగును. నాలుగవది తక్కినవానికంటె ముఖ్యము: క్రొత్త యిల్లు సిద్ధమై, దాని అద్దె కుటుంబమునకు అందుబాటులో నుండి, అది పనిచోటునకు చేరువనున్నపుడే పాత యింటిని తొలగింపవలెను.

నాటి ఇంజనీర్లు కోణమును కొలిచిరి, వీథి వెడల్పును కొలిచిరి. ఇంటినుండి పనికి గల దూరమును, కూలికిని అద్దెకును గల నిష్పత్తిని తగినంతగా కొలువలేదు. మహామారి తగ్గినకొలది నగరము దానిని మరచును. రాబోవు రోగము ఎలుకవలన వచ్చునో, నీటివలన వచ్చునో, గాలివలన వచ్చునో ముందుగా చెప్పజాలము. ఏ దారిని వచ్చినను అది ముందు తట్టునది ఇరుకుగది తలుపునే. ఆ తలుపుమీద మరల మూడక్షరములు వ్రాయుటతో మన పని ముగిసినదని తలపకుండుటయే ప్లేగు నాటి చరిత్రము నేర్పు పాఠము.