312 రోజులు నేల మీద కాలు పెట్టని మనిషి

ఫోన్‌లో ఒక గంట సిగ్నల్ పోతేనే మనకి కాళ్లూ చేతులూ ఆడవు కదా. ఈరోజు నేను చెప్పబోయే మనిషి బతికున్నాడో లేదో నాలుగు నెలలకు పైగా ఇంట్లోవాళ్లకి కూడా తెలీదు.

పేరు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. అతని తెరచాప పడవ సుహైలి. పొడవు 32 అడుగులే. తయారైంది ఎక్కడో కాదు, మన బొంబాయిలో, టేకు చెక్కతో. 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి బయలుదేరాడు. పందెం ఏంటంటే, ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి రావాలి.

మరి పడవలో బతుకు ఎలా ఉండేది? అడుగు నుంచి నీళ్లు లోపలికి కారితే, నడిసముద్రంలో దూకి, ఊపిరి బిగబట్టి ఆ సందులు తనే మూశాడు. ట్యాంకుల్లో మంచినీళ్లు పాడైతే, తెరచాప మీద పడ్డ వాననీళ్లు పట్టుకుని తాగాడు. దారిలోనే రేడియో కూడా మూగబోయింది. నవంబర్‌లో న్యూజిలాండ్ దగ్గర కనిపించాడు. ఆ తర్వాత ఏప్రిల్ దాకా కబురే లేదు!

1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చాడు. 9 మంది బయలుదేరితే పూర్తిచేసింది ఇతనొక్కడే. అదే పందెంలో ఉన్న డొనాల్డ్ క్రౌహర్స్ట్ పడవ మాత్రం జులైలో ఖాళీగా దొరికింది. ఇంటి దగ్గర భార్య, నలుగురు పిల్లలు. తనకొచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని రాబిన్ వాళ్లకే ఇచ్చేశాడు.

నాకైతే భూమిని చుట్టి రావడం కన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది. మీరేమంటారు?